స్కీయింగ్ సెలవుకి ట్రావెల్ ఇన్సూరెన్స్: పడిన చోటు నుంచి ఇంటి గుమ్మం దాకా చూసుకోవాల్సినవి

మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో మా తమ్ముడు ఆస్ట్రియాలో స్కీయింగ్ నేర్చుకుంటూ నాలుగో రోజు పడ్డాడు. పెద్ద వేగం కూడా కాదు. మలుపులో ఒక స్కీ మంచులో ఇరుక్కుంది, ఒళ్లు ఒకవైపు తిరిగింది, మోకాలు తిరగలేదు. లిగమెంట్ తెగింది. హెలికాప్టర్‌లో కిందికి దించారు, చిన్న క్లినిక్‌లో స్కాన్ తీశారు, కాలికి బ్రేస్ కట్టారు. ఫోన్‌లో మా అమ్మ అడిగిన మొదటి మాట నొప్పి గురించి, రెండో మాట "ఇన్సూరెన్స్ ఉంది కదా నాన్నా?" అని. ఉంది. వీసా ఫైల్‌లో పెట్టిన పాలసీ ఉంది. దాని పదిహేడో పేజీలో, ప్రమాదకరమైన క్రీడల వల్ల అయిన ఖర్చు చెల్లించబోమని ఒక వాక్యం కూడా ఉంది. ఆ వాక్యాన్ని మేమెవరం ముందు చదవలేదు. హెలికాప్టర్ బిల్లు కట్టడానికి నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీశారు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు మంచుకొండలకు వెళ్తున్నా పాలసీ నేనే చదువుతున్నాను. అలా చదివి, కాల్ సెంటర్లతో మాట్లాడి నేర్చుకున్నదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నా పద్ధతి ఒకటే. ప్రీమియం ఎంత, కవర్ ఎన్ని లక్షల డాలర్లు అన్నవి చివర చూస్తాను. ముందుగా మనవాళ్లు కొండ మధ్యలో పడ్డారని అనుకుని, అక్కడి నుంచి క్లినిక్‌కి, ఆసుపత్రికి, హోటల్‌కి, విమానంలోకి, చివరికి ఇంటికి ఎలా చేరతారో ఒక్కో మజిలీ ఊహించుకుంటాను. ప్రతి మజిలీలో డబ్బు ఎవరు కడతారో పాలసీలో వెతుకుతాను. ఏ మజిలీ దగ్గర జవాబు దొరకదో ఆ పాలసీ అక్కడ పనిచేయదని అర్థం.

మొదటి అడుగు: ఎక్కడికి, ఎవరు, ఏం చేయడానికి

ఒక కాగితం తీసుకుని దేశాలు, తేదీలు, వెళ్లేవాళ్ల వయసులు, ఒక్కొక్కరికి ఉన్న జబ్బులు, అక్కడ చేయబోయే పనులు రాయండి. ఇది చిన్నపిల్లల పనిలా అనిపించినా, సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

దేశాల సంగతి చూద్దాం. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌కి వెళ్తున్నామని మీరు రాస్తారు. కానీ జెర్మాట్ నుంచి ఇంటర్నేషనల్ పాస్ తీసుకుంటే స్కీ చేసుకుంటూ సరిహద్దు దాటి ఇటలీలోని చెర్వీనియాలోకి దిగవచ్చు. అక్కడ పడితే మిమ్మల్ని తీసుకెళ్లేది ఇటలీ రెస్క్యూ బృందం, వర్తించేది ఇటలీ చట్టం. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ మధ్య పోర్త్ దు సొలేయ్‌లోనూ ఇదే పరిస్థితి. పాలసీలో రెండు దేశాలూ ఉండాలి. కజకిస్తాన్‌లో అల్మాటీ పక్కనున్న షింబులక్‌కి ఇప్పుడు మనవాళ్లు బాగానే వెళ్తున్నారు, భారతీయులకు 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు కాబట్టి. వీసా అక్కర్లేనప్పుడు ఇన్సూరెన్స్ అడిగేవాళ్లు కూడా ఉండరు, దాంతో చాలామంది అసలు తీసుకోరు. తీసుకునేవాళ్లు చవకగా దొరికే ఆసియా ప్లాన్ కొంటారు. ఆ ప్లాన్ దేశాల జాబితాలో కజకిస్తాన్ ఉందో లేదో చూసి కొనండి.

చేసే పనుల దగ్గర నిజాయితీగా ఉండండి. "మేం స్కీయింగ్ చేయం, ఊరికే మంచు చూడ్డానికి వెళ్తున్నాం" అనే కుటుంబం అక్కడికి వెళ్లాక పిల్లల్ని స్లెడ్జ్ ఎక్కిస్తుంది, ట్యూబ్ మీద జారిస్తుంది, నాన్నగారు స్నో స్కూటర్ తోలతారు. ఇవన్నీ చాలా పాలసీల్లో వింటర్ స్పోర్ట్స్ కిందికో అడ్వెంచర్ స్పోర్ట్స్ కిందికో వస్తాయి. మోటార్ ఉన్న బండి అయితే స్కీయింగ్‌కి కవర్ ఇచ్చే పాలసీ కూడా దాన్ని బయట పెట్టొచ్చు. ప్రతి పనినీ పేరుతో రాసుకోండి.

రెండో అడుగు: ఇప్పటికే చేతిలో ఉన్న పాలసీలు

యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ అడుగుతారు. అత్యవసర చికిత్స, ఆసుపత్రి ఖర్చు, స్వదేశానికి తరలింపు అందులో ఉండాలి, షెంగెన్ దేశాలన్నిటిలో చెల్లాలి. ఈ నియమం వీసా ఇవ్వడానికి పెట్టింది. స్కీయింగ్ కవర్ ఉండాలని అందులో ఎక్కడా లేదు. వీసా వచ్చింది కాబట్టి పాలసీ మంచిదేనని అనుకోవడం మా తమ్ముడు చేసిన పొరపాటు.

ఆఫీసు పంపిన ఆన్‌సైట్ ట్రిప్‌కి కంపెనీ పాలసీ ఉంటుంది. పని అయిపోయాక మూడు రోజులు సెలవు పెట్టి ఆల్ప్స్‌కి వెళ్తే ఆ మూడు రోజులు ఆ పాలసీలో ఉంటాయా? కొన్నింట్లో ఉంటాయి, కొన్నింట్లో ఉండవు. హెచ్ఆర్‌ని మెయిల్‌లోనే అడగండి. క్రెడిట్ కార్డుతో వచ్చే ఉచిత ఇన్సూరెన్స్‌ని నేను లెక్కలోకే తీసుకోను. టికెట్ ఆ కార్డు మీదే కొని ఉండాలి లాంటి షరతులు దాటుకుని వచ్చినా, సాహస క్రీడల దగ్గర అది ఆగిపోవడమే ఎక్కువగా చూశాను.

విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్లది వేరే లెక్క. బ్రిటన్‌లో ఉండేవాళ్లకు ఉచితంగా వచ్చే జీహెచ్ఐసీ కార్డు యూరోపియన్ యూనియన్ దేశాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనికొస్తుంది, కానీ కొండ మీది నుంచి దించే ఖర్చునీ, ఇంటికి తరలించే ఖర్చునీ అది ఇవ్వదు. అమెరికాలో ఉన్నవాళ్లు కెనడాలోని విస్లర్‌కి వెళ్తుంటే తమ హెల్త్ ప్లాన్ దేశం బయట ఎంతవరకు పనిచేస్తుందో ముందే ఫోన్ చేసి తెలుసుకోవాలి. అమెరికాలోనే వేరే రాష్ట్రంలో స్కీయింగ్ అయినా అక్కడి ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో లేదో చూడాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా కొండకి తీసుకెళ్తే, వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్‌ని విడిగా చదవాలి.

మూడో అడుగు: పాలసీ వర్డింగ్ చదవడం

బ్రోచర్ కాదు, అగ్రిగేటర్ సైట్‌లోని టిక్ మార్కుల పట్టిక కాదు, "పాలసీ వర్డింగ్" అనే పేరుతో కంపెనీ సైట్‌లో ఉండే పీడీఎఫ్ దింపుకోండి. నలభై యాభై పేజీలు ఉంటుంది. అంతా చదివే ఓపిక లేకపోతే అందులో స్కీ, వింటర్, అడ్వెంచర్, హాజర్డస్, స్పోర్ట్, రెస్క్యూ, ఆల్కహాల్ అనే మాటల్ని ఇంగ్లిష్‌లో ఒక్కొక్కటిగా వెతకండి. నిర్వచనాల భాగాన్నీ మినహాయింపుల భాగాన్నీ మాత్రం పూర్తిగా చదవండి. కవర్ ఇస్తున్నామని ముందు పేజీలో చెప్పిన మాటకి అసలు అర్థం ఏమిటో తేలేది ఆ రెండు చోట్లే.

మొదట తేల్చుకోవాల్సింది, స్కీయింగ్ పాలసీలో భాగమా, లేక అదనపు ప్రీమియం కట్టి తీసుకోవాల్సిన రైడరా అన్నది. రైడర్ అయితే, మీకు వచ్చిన పాలసీ షెడ్యూల్‌లో దాని పేరు అచ్చయి ఉండాలి. ఏజెంట్ "చేర్చేశానండీ" అన్న మాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

తర్వాత, ఎక్కడ స్కీ చేస్తే చెల్లుతుంది? ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. రిసార్ట్ వాళ్లు చదును చేసి, కర్రలు పాతి, రంగు గుర్తులు పెట్టి, పెట్రోలింగ్ చేసే దారిని పిస్ట్ అంటారు. యూరప్‌లో చాలాచోట్ల ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని కష్టాన్ని బట్టి రంగులుంటాయి. ఆ గుర్తులు దాటి తాజా మంచులోకి వెళ్తే ఆఫ్-పిస్ట్. చాలా పాలసీలు పిస్ట్ మీద పడితేనే ఇస్తాయి, కొన్ని ఆఫ్-పిస్ట్‌కి లైసెన్స్ ఉన్న గైడ్ తోడుండాలంటాయి, కొన్ని అసలే ఒప్పుకోవు. స్విట్జర్లాండ్‌లో పసుపు గుర్తులతో ఇంకో రకం దారులుంటాయి. వాటిని హిమపాతాల నుంచి కాపాడతారు గానీ చదును చేయరు, సాయంత్రం చివరి తనిఖీ కూడా ఉండదు. మరి ఆ పసుపు దారి మీ పాలసీ దృష్టిలో పిస్టా, ఆఫ్-పిస్టా? వర్డింగ్‌లో ఈ మాట ఉండదు. అడిగి రాయించుకోవాల్సిందే. లిఫ్ట్ దిగి, ఎదురుగా కనిపిస్తున్న తెల్లటి వాలులోకి పది అడుగులు వేస్తే పాలసీ గీత దాటేశారన్న సంగతి కొత్తవాళ్లకు తెలియదు. గ్రూపులో అందరూ వెళ్తుంటే మనమూ వెళ్తాం.

మన దేశపు పాలసీల్లో తరచూ కనిపించే ఇంకో షరతు "శిక్షణ పొందిన నిపుణుడి పర్యవేక్షణలో" చేసిన క్రీడకే కవర్ అని. క్లాసు ఉదయం రెండు గంటలే ఉంటుంది. మధ్యాహ్నం మీరు సొంతంగా సాధన చేస్తూ పడితే? ఈ షరతున్న పాలసీని నేనైతే వదిలేస్తాను. వారమంతా ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకునే స్తోమత ఉన్నవాళ్లకి తప్ప అది సరిపోదు.

మద్యం గురించి సిగ్గుపడకుండా చదవండి. ఆల్ప్స్‌లో కొండ మధ్యలోనే రెస్టారెంట్లుంటాయి, మధ్యాహ్న భోజనంతో వేడి వైన్ మామూలు విషయం. ఆసుపత్రి రక్తపరీక్షలో ఆల్కహాల్ తేలితే క్లెయిమ్ పోయే పాలసీలే ఎక్కువ. ఇటలీలో అయితే తాగి స్కీ చేయడాన్ని చట్టమే నిషేధించింది. పోటీల్లో పాల్గొనడం, హెలికాప్టర్‌లో శిఖరం మీద దిగి స్కీ చేయడం, మూసేసిన దారిలోకి వెళ్లడం, హిమపాతం హెచ్చరికను పట్టించుకోకపోవడం, హెల్మెట్ లేకపోవడం, ఫలానా ఎత్తు దాటడం, వీటిలో మీ పాలసీ వేటిని బయట పెట్టిందో చూడండి.

సందేహం ఉన్నచోట ఫోన్‌లో అడగొద్దు, ఈమెయిల్ పెట్టండి. ప్రశ్న సూటిగా ఉండాలి: "నేను ఫలానా తేదీల్లో ఫలానా ఊళ్లో, గుర్తులున్న పిస్ట్‌ల మీద, ఇన్‌స్ట్రక్టర్ లేకుండా, సరదా కోసం స్కీయింగ్ చేస్తాను. పడితే కొండ మీది నుంచి హెలికాప్టర్‌లో దించే ఖర్చు, ఆసుపత్రి ఖర్చు, ఇండియాకి తరలింపు ఖర్చు ఈ పాలసీలో వస్తాయా? ఏ క్లాజు కింద?" క్లాజు నంబర్ అడగడం ముఖ్యం. నంబర్ అడిగితే ఎదుటి మనిషి పాలసీ తెరిచి చూస్తాడు. మూడు కంపెనీలకి రాస్తే ఒకటో రెండో సరిగ్గా జవాబిస్తాయి. జవాబివ్వని కంపెనీ, ప్రమాదం జరిగాక ఎలా స్పందిస్తుందో మీరే ఆలోచించండి.

నాలుగో అడుగు: కొండ దిగడానికి అయ్యే ఖర్చు

మనకి 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ డబ్బు అడగకుండా వస్తుంది. అందుకే ఈ ఖర్చు మన ఊహకి అందదు. ఆల్ప్స్‌లో రక్షణ బృందం ముందు కాపాడుతుంది, తర్వాత బిల్లు పంపుతుంది. హెలికాప్టర్ అయితే అది వేల యూరోల్లో ఉంటుంది. మంచు బండి మీద కింది దాకా దించినా చాలాచోట్ల డబ్బు కట్టాలి. ఫ్రాన్స్‌లో స్కీయింగ్ ప్రమాదాల రక్షణ ఖర్చుని బాధితుల దగ్గర వసూలు చేసుకునే హక్కుని 1985 నాటి పర్వత ప్రాంతాల చట్టం స్థానిక కమ్యూన్లకు, అంటే ఊరి పాలక సంస్థలకు, ఇచ్చింది.

పాలసీలో "మెడికల్ ఎవాక్యుయేషన్" అని ఉంటుంది. దాన్ని చూసి సంతోషపడకండి, నిర్వచనం చదవండి. చాలాచోట్ల దాని అర్థం ఒక ఆసుపత్రి నుంచి మరో పెద్ద ఆసుపత్రికి, డాక్టర్ సలహా మీద, కంపెనీ ముందస్తు అనుమతితో తరలించడం. మంచులో పడున్న మనిషిని వెతికి కిందికి తేవడం వేరు. దానికి "సెర్చ్ అండ్ రెస్క్యూ" లేదా "మౌంటెన్ రెస్క్యూ" అనే మాట విడిగా ఉండాలి. ముందస్తు అనుమతి షరతు దీనికి కూడా వర్తిస్తుందా అన్నది తప్పక అడగండి. పడ్డ మనిషి కోసం పక్కనున్నవాళ్లు పిలిచేది రెస్క్యూ నంబర్‌నే. ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకునేదాకా ఎవరూ ఆగరు, ఆగకూడదు కూడా.

మీ పాలసీలో రెస్క్యూ లేదని తేలితే, మిగతాది బాగుంటే, స్థానికంగా దాన్ని పూడ్చుకునే దారులున్నాయి. ఫ్రాన్స్‌లో స్కీ పాస్ కొనేటప్పుడే కౌంటర్‌లో కారె నేజ్ అనే బీమా రోజు లెక్కన దొరుకుతుంది. రోజుకి కొద్ది యూరోలే. రెస్క్యూ ఖర్చు, గాయపడి వాడుకోలేకపోయిన పాస్ డబ్బు అందులో వస్తాయి. పాస్ ఇచ్చే అమ్మాయి "విత్ ఇన్సూరెన్స్?" అని అడిగితే మనవాళ్లు ఏదో అదనంగా అంటగడుతోందనుకుని వద్దంటారు. ఇది మాత్రం తీసుకోండి.

స్విట్జర్లాండ్‌లో 1952 నుంచి పనిచేస్తున్న రేగా అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది, నంబర్ 1414. ఏటా కొంత విరాళం కట్టి పేట్రన్‌గా చేరినవాళ్లకి, ఇన్సూరెన్స్ ఇవ్వని రక్షణ ఖర్చుని ఆ సంస్థ మాఫీ చేయగలదు. ఇది బీమా కాదు, హక్కుగా అడగలేం, కానీ మంచి ఆసరా. ఒక మెలిక ఉంది. జెర్మాట్ ఉండే వలే రాష్ట్రంలో రక్షణ పని చేసేది ఎయిర్ జెర్మాట్, ఎయిర్ గ్లాసియర్ సంస్థలు. అక్కడ పిలవాల్సిన నంబర్ 144, రేగా సభ్యత్వం మీద ఆధారపడకూడదు. రేగా పనిచేసే టిట్లిస్‌కి వెళ్తున్నారా, జెర్మాట్‌కి వెళ్తున్నారా అన్నదాన్ని బట్టి ఏర్పాటు మారిపోతుంది. ఆస్ట్రియాలో కొండ రక్షణకి 140. యూరప్ అంతటా 112 పనిచేస్తుంది.

ఐదో అడుగు: ఆసుపత్రి

మెడికల్ కవర్ ఎంత ఉండాలి? నా లెక్కలో ఆల్ప్స్‌కి 1,00,000 డాలర్లకి తక్కువ వద్దు, అమెరికా కెనడాలకి 2,50,000 డాలర్లకి తక్కువ వద్దు. కవర్ రెట్టింపు చేసినా ప్రీమియం రెట్టింపు కాదు, కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పోయే మొత్తం, 100 డాలర్లు ఉండటం మామూలే. అంతకంటే జాగ్రత్తగా చూడాల్సింది సబ్ లిమిట్లు. వయసు 60 దాటినవాళ్ల పాలసీల్లో గది అద్దెకి ఇంత, సర్జన్‌కి ఇంత అని విడివిడి పరిమితులు పెట్టి, పైన మాత్రం పెద్ద అంకె రాస్తారు.

మోకాలి గాయం దగ్గర చాలామంది అపోహపడే విషయం ఒకటుంది. ట్రావెల్ పాలసీ అత్యవసర చికిత్సకి ఇస్తుంది. లిగమెంట్ ఆపరేషన్ సాధారణంగా అత్యవసరం కాదు. వాపు తగ్గాక, కొన్ని వారాల తర్వాత చేస్తారు. కాబట్టి అక్కడ స్కాన్, బ్రేస్, చంకకర్రలు, మందుల డబ్బు వస్తుంది. ఆపరేషన్ హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చి మన హెల్త్ పాలసీలో చేయించుకోవాల్సి వస్తుంది. అందుకే అక్కడి డాక్టర్ ఇచ్చిన ప్రతి కాగితం, స్కాన్ సీడీతో సహా తెచ్చుకోవాలి. ఎముక విరిగి బయటికి వచ్చినప్పుడో తలకి దెబ్బ తగిలినప్పుడో మాత్రం ఆపరేషన్ అక్కడే జరుగుతుంది, పెద్ద కవర్ అవసరం అప్పుడే.

బీపీ, షుగర్, పాత మోకాలి నొప్పి ఫారంలో దాచొద్దు. దాచి కొన్న పాలసీ కట్టిన ప్రీమియంని కూడా వృథా చేస్తుంది.

ఆరో అడుగు: ఇంటికి రావడం

తొడ నుంచి పాదం దాకా పట్టీ ఉన్న మనిషి ఎకానమీ సీట్లో పది గంటలు కూర్చోలేడు. కాలు చాపుకోవడానికి అదనపు సీటో బిజినెస్ క్లాసో కావాలి. ఎయిర్‌లైన్ డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతుంది. కొత్తగా వేసిన ప్లాస్టర్‌తో మొదటి ఒకటి రెండు రోజులు ఎక్కించుకోవడానికి చాలా ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు, ఎత్తులో వాపు పెరుగుతుందని. ఈలోగా హోటల్ గడువు అయిపోతుంది, టికెట్ తేదీ దాటిపోతుంది. తోడుగా భార్యో అన్నయ్యో ఆగిపోవాలి. వాళ్ల హోటల్, టికెట్ మార్పు ఖర్చు ఎవరిది? "కంపానియన్", "ఎక్స్‌టెండెడ్ స్టే" అన్న క్లాజుల్లో చూడండి. చిన్నపిల్లలతో వెళ్తే, తల్లిదండ్రులిద్దరూ ఆసుపత్రిలో చిక్కుకుంటే పిల్లల్ని ఇంటికి చేర్చే క్లాజు ఉందేమో చూడండి. ఇక్కడ రెస్క్యూలా కాదు, టికెట్ మార్చే ముందే అసిస్టెన్స్ కంపెనీ (బీమా కంపెనీ తరఫున అక్కడ సాయం ఏర్పాటు చేసే సంస్థ) అనుమతి తీసుకోవాలి. సొంతంగా కొనేసిన టికెట్‌కి డబ్బు రావడం కష్టం.

ఏడో అడుగు: మన వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే

దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం మెడికల్ తర్వాత ఇదే ముఖ్యం. అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన 10 ప్రవర్తనా నియమాలున్నాయి. వాటిలో, వెనక నుంచి వచ్చేవాడే ముందున్నవాళ్లకి ప్రమాదం లేకుండా దారి ఎంచుకోవాలని ఉంది. యూరప్ కోర్టులు బాధ్యత తేల్చేటప్పుడు ఈ నియమాలని ఆధారంగా తీసుకుంటాయి. బ్రేక్ వేయడం రాని కొత్తవాళ్లం ఎవరినైనా వెనక నుంచి గుద్దితే, ఆ మనిషి వైద్యం, పోయిన జీతం మన మీద పడొచ్చు.

ఇటలీలో 2022 జనవరి 1 నుంచి పిస్ట్ మీద స్కీ చేసే ప్రతి ఒక్కరికీ థర్డ్ పార్టీ బాధ్యత బీమా తప్పనిసరి. లేకపోతే జరిమానా వేస్తారు. పాస్‌తోపాటే కొనుక్కోవచ్చు. జెర్మాట్ నుంచి ఒక్క పూట చెర్వీనియాకి వెళ్లొచ్చేవాళ్లకీ ఇది వర్తిస్తుంది. మన ట్రావెల్ పాలసీల్లో "పర్సనల్ లయబిలిటీ" ఉంటుంది, కానీ అది క్రీడల్లో జరిగినదానికి వర్తిస్తుందని రాసి ఉందో లేదో చూడాలి. రాసి లేకపోతే అక్కడి పాలసీ కొనండి.

సామాను, పాస్, మంచు

దీనికి ఎక్కువ సమయం పెట్టకండి. మనలో చాలామంది స్కీలు, బూట్లు అద్దెకి తీసుకుంటారు. అద్దె షాపులోనే విరిగినా పోయినా కవర్ చేసే చిన్న ఫీజు ఉంటుంది, అది చాలు. సొంత సామాను ఉన్నవాళ్లు ఒక్కో వస్తువుకి పరిమితి, పాతబడినదానికి తగ్గింపు చూసుకోవాలి. మంచు పడక లిఫ్టులు మూసేస్తే రోజుకింత ఇచ్చే కవర్ బ్రిటన్ వింటర్ స్పోర్ట్స్ పాలసీల్లో మామూలే, మన పాలసీల్లో దాన్ని ఆశించకండి. ట్రిప్ రద్దు కవర్ పాలసీలో రాసిన కారణాలకే వస్తుంది: జబ్బు, కుటుంబంలో మరణం లాంటివి.

గుల్మార్గ్, ఔలి వెళ్లేవాళ్లకి

విదేశీ ట్రావెల్ పాలసీ ఇక్కడ పనిచేయదు. కానీ ఒక మంచి విషయం, చాలామందికి తెలియనిది: మన హెల్త్ పాలసీల్లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణికం చేసిన మినహాయింపుల్లో 09వ కోడ్ సాహస క్రీడలది. ఆ వాక్యంలో "ప్రొఫెషనల్‌గా పాల్గొనడం వల్ల" అయిన చికిత్సకే మినహాయింపు అని ఉంది. అంటే సెలవులకి వెళ్లి సరదాగా స్కీ చేస్తూ కాలు విరిగితే, ఆసుపత్రిలో చేరినందుకు మామూలు హెల్త్ పాలసీ ఇవ్వాలి. ఎవరైనా "అడ్వెంచర్ స్పోర్ట్స్ కదా, రాదు" అంటే ఈ వాక్యం చూపించండి. విదేశం నుంచి వచ్చాక చేయించుకునే మోకాలి ఆపరేషన్‌కీ ఇదే ఆధారం. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలు, లైఫ్ పాలసీల యాక్సిడెంట్ రైడర్లు మాత్రం ఇలా ఉండవు. వాటిలో చాలావరకు సరదా కోసం చేసినా సాహస క్రీడలని పూర్తిగా బయట పెడతాయి. విడిగా చదవండి.

హెల్త్ పాలసీలో పెద్దగా దొరకనిది తరలింపు. గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. గండోలా (కేబుల్ కార్) మొదటి దశ కాంగ్‌దూరి దాకా, రెండో దశ అఫర్వట్ దాకా, దాదాపు 3,950 మీటర్లకి తీసుకెళ్తుంది. పెద్ద ఆసుపత్రులు 50 కిలోమీటర్ల దూరంలో శ్రీనగర్‌లో ఉన్నాయి, మధ్యలో తంగ్‌మార్గ్ దాకా మంచు ఘాట్ రోడ్డు. ఉత్తరాఖండ్‌లోని ఔలిలో పడితే రిషికేశ్ ఎయిమ్స్‌కి దాదాపు 250 కిలోమీటర్లు. అందుకే డొమెస్టిక్ ట్రావెల్ పాలసీ కొనేటప్పుడు అంబులెన్స్, ఎయిర్ అంబులెన్స్ పరిమితి ఎంత, సాహస క్రీడలు ఉన్నాయా అన్న రెండే చూడండి.

అఫర్వట్ రెండో దశ పైన వాలు మీకు తెలిసిన పిస్ట్ లాంటిది కాదు. 2023 ఫిబ్రవరిలో అక్కడి హిమపాతంలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ చనిపోయారు. నేర్చుకునేవాళ్లు మొదటి దశ కింద ఉండండి. ఏ పాలసీ కంటే అదే ఎక్కువ కాపాడుతుంది. ఇంకో మాట, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. ఇన్సూరెన్స్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడానికైనా గ్రూపులో ఇద్దరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

కొనడం, బయల్దేరడం

టికెట్లు, హోటల్ బుక్ చేసిన రోజే కొనండి. రద్దు కవర్ పాలసీ కొన్నాకే మొదలవుతుంది. దేశం దాటాక మన కంపెనీలు చాలావరకు పాలసీ ఇవ్వవు. తేదీలకి చివర రెండు మూడు రోజులు అదనంగా పెట్టండి. షెడ్యూల్ రాగానే పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు, దేశాలు, రైడర్ పేరు సరిచూసి, తప్పుంటే అప్పుడే దిద్దించండి.

పాలసీ నంబర్, అసిస్టెన్స్ ఫోన్ నంబర్, రక్తం గ్రూపు, అలెర్జీలు ఒక చిన్న కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసి ప్రతి ఒక్కరి స్కీ జాకెట్ లోపలి జేబులో పెట్టండి. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా అయిపోతుంది, పడినప్పుడు ఫోన్ పగలొచ్చు కూడా. ఇండియాలో ఇంట్లో ఒకరి దగ్గర మొత్తం పాలసీ పీడీఎఫ్ ఉండాలి. మా తమ్ముడి విషయంలో కంపెనీతో మాట్లాడింది అక్కడున్నవాళ్లు కాదు, ఇక్కడ రాత్రంతా మేలుకున్న మా మరదలు.

క్లెయిమ్

ప్రాణం ముందు, ఫోన్ తర్వాత. ఆసుపత్రి చేరగానే, 24 గంటల లోపల, అసిస్టెన్స్ కంపెనీకి చెప్పి రిఫరెన్స్ నంబర్ రాసుకోండి. పడిన చోటు పిస్ట్ పేరు, దాని నంబర్, రంగు, సమయం ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. వాళ్లు మొదట అడిగే ప్రశ్నల్లో ఇది ఒకటి. రెస్క్యూ బృందం రాసిన రిపోర్ట్ కాపీ అడగండి, అందులో పిస్ట్ వివరం ఉంటుంది. ఆ రోజు స్కీ పాస్, క్లాసు రసీదు, డాక్టర్ రిపోర్ట్, బిల్లులు, చెల్లించిన రసీదులు, బోర్డింగ్ పాస్‌లు పారేయొద్దు. వేరే భాషలో ఉన్న రిపోర్ట్‌కి ఇంగ్లిష్ కాపీ అక్కడే అడగడం తేలిక. ఎవరైనా గుద్దితే వాళ్ల పేరు, అడ్రస్ తీసుకోండి. స్కీ నియమాల్లో పదోది అదే చెబుతుంది: ప్రమాదంలో ఉన్నవాళ్లు, చూసినవాళ్లు వివరాలు ఇచ్చిపుచ్చుకోవాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే, ఏ క్లాజు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, మీ దగ్గరున్న ఈమెయిల్ జవాబు జతచేయండి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబర్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. తిరస్కరించిన తేదీ నుంచి ఏడాది లోపల వెళ్లాలి, కాబట్టి తిరస్కరణ ఉత్తరం వచ్చిన కవర్‌ని కూడా తేదీతో సహా దాచిపెట్టండి.